'నీవ్' అనే ఐరిష్ పేరు మన పాపకి పెట్టొచ్చా?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: డబ్లిన్‌లో ఉంటున్నారు. పుట్టబోయే పాపకి ఒక ఐరిష్ పేరు, ఒక తెలుగు పేరు కలిపి పెడదామనుకుంటున్నారు. ఐరిష్ పేర్లలో 'నీవ్' నచ్చింది. కానీ పేర్ల వెబ్‌సైట్లు తిరగేస్తే ఒకచోట 'మంచు' అని, ఇంకోచోట 'దేవత' అని, మరోచోట 'వెలుగు' అని ఉంది. ఎన్, ఐ, ఏ, ఎమ్, హెచ్ అని రాసి నీవ్ అని ఎందుకు పలుకుతారో అంతుబట్టడం లేదు. పాతబడిపోయిన పేరేమోనని ఒక అనుమానం, ఊళ్ళో అమ్మమ్మకి నోరు తిరుగుతుందా అని ఇంకో అనుమానం.

ముందే తేల్చేస్తాను. అర్థం మంచిది, పేరు అచ్చమైన ఐరిష్‌ది, స్పెల్లింగు చూసి బెదరాల్సిన పనిలేదు. అసలు ఆలోచించుకోవాల్సింది మీరు చివర్లో అడిగిన అమ్మమ్మ సంగతే. ఆవిడకి నోరు తిరగదని కాదు, మరీ బాగా తిరుగుతుంది గనక.

అర్థం దగ్గర మొదలుపెడదాం. పాత ఐరిష్‌లో ఇది మామూలు నామవాచకం. మెరుపు, తళుకు, నిగనిగ అని అర్థం. మన మాటల్లో దీనికి సరిగ్గా అతికేది 'మెరుగు'. ఎందుకంటే ఇదే మాట నుంచి వచ్చిన క్రియకి లోహానికి మెరుగు పెట్టడం, తోమి నిగ్గు తేల్చడం అని అర్థం. ఐరిష్‌లో మామూలు వెలుతురుకి 'సలస్' అని వేరే మాట ఉంది, సూర్యుడికి 'గ్రియన్' అని ఇంకోటి ఉంది. నీవ్ అవి రెండూ కాదు. చింతపండు పెట్టి తోమి ఎండలో బోర్లించిన ఇత్తడి బిందె మీద కనిపించేదే నీవ్. కాబట్టి తెలుగు పేరు కూడా అదే అర్థంలో జత చేయాలనుకుంటే జ్యోతి, దీప కంటే కాంతి, దీప్తి, తేజస్విని దగ్గరగా ఉంటాయి. జ్యోతి అంటే వెలిగే దీపం, కాంతి అంటే ఒంటి మీద ఉండే నిగారింపు కూడా.

'మంచు' ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఇంగ్లాండులోనూ అమెరికాలోనూ కొందరు ఈ పేరుని ఎన్, ఈ, వీ, ఈ అని సులువు చేసి రాస్తారు. ఇటాలియన్‌లో, పోర్చుగీసులో అవే అక్షరాలున్న మాటకి మంచు అని అర్థం. పేర్ల వెబ్‌సైట్లు రెండింటినీ కలిపి కట్ట కట్టేశాయి. ఐరిష్ పేరుకీ మంచుకీ చుట్టరికం లేదు. అదే స్పెల్లింగుతో ఒక కెనడా సినిమా నటి ఉంది కదా, ఆమె పేరు కూడా ఈ ఐరిష్ పేరు కాదు. అది వాళ్ళ అమ్మగారి పుట్టింటి ఇంటిపేరు, హాలెండు నుంచి వచ్చింది. స్వర్గం అనే ఇంగ్లీషు మాటని తిరగేసి అమెరికావాళ్ళు తయారుచేసిన 'నెవేయా'తోనూ సంబంధం లేదు. ఇక 'దేవత' అన్నది సగం నిజం. ఆ సగం కథలో ఉంది.

ఈ పేరుని నిలబెట్టింది ఆ ఒక్క కథే. ఫిన్ మకూల్ అనే వీరుడు, ఆయన దళం ఫియానా, ఆయన కొడుకు ఒషీన్. కెర్రీ జిల్లాలో, ఇప్పటి కిలార్నీ దగ్గర లఖ్ లేన్ అనే సరస్సు ఒడ్డున వీళ్ళు వేటలో ఉండగా తెల్ల గుర్రం మీద ఒకమ్మాయి వస్తుంది. పేరు నీవ్, బంగారు తల నీవ్ అంటారు. తాను టీర్ నా నోగ్ రాజు కూతుర్నని చెబుతుంది. ఆ మాటకి యువకుల దేశం అని అర్థం. అక్కడ ముసలితనం, చావు ఉండవు. కొందరు చెప్పే కథలో ఆమె తండ్రి సముద్ర దేవుడు మనన్నాన్. దేవత అన్న మాట అలా పుట్టింది. ఒషీన్ ఆమె వెంట వెళ్ళిపోతాడు, పిల్లలు పుడతారు. కొన్నాళ్ళకి ఇంటి మీద బెంగ పుడుతుంది. నీవ్ గుర్రం ఇచ్చి ఒకే ఒక్క షరతు పెడుతుంది: కాలు నేలకి తగలకూడదు. వచ్చి చూస్తే తనవాళ్ళెవరూ లేరు, కోటలో గడ్డి మొలిచింది. అక్కడ గడిచింది కొన్నేళ్ళే అనుకుంటే ఇక్కడ 300 ఏళ్ళు గడిచాయి. డబ్లిన్‌కి దక్షిణాన గ్లెన్ నా స్మోల్ లోయలో కొందరు ఒక పెద్ద బండని ఎత్తలేక అవస్థ పడుతుంటే జీను మీంచి వంగి సాయం చేయబోతాడు. పటకా తెగుతుంది, నేల మీద పడతాడు, పడ్డచోటే పండు ముసలి అయిపోతాడు. ఆ లోయ మీ ఊరి పొలిమేరలోనే ఉంది, బోహర్నబ్రీనా జలాశయాలు ఉన్న చోటు. వారాంతంలో వెళ్ళి చూసి రావచ్చు.

మనవాళ్ళకి ఈ కథ కొత్తగా ఏమీ అనిపించదు. కకుద్మి మహారాజు కూతురు రేవతికి తగిన వరుడెవరని అడగడానికి ఆమెని వెంటబెట్టుకుని బ్రహ్మలోకానికి వెళ్తాడు. అక్కడ పాట సాగుతుంటే అయ్యేదాకా ఆగుతాడు. ఆ కాసేపట్లో భూమ్మీద ఇరవయ్యేడు మహాయుగాలు గడిచిపోతాయి. భాగవతం నవమ స్కంధంలో ఉన్నదే. అమ్మమ్మకి పేరు గురించి చెప్పేటప్పుడు అక్కణ్ణుంచి మొదలుపెట్టండి, అరనిమిషంలో అర్థమైపోతుంది.

ఈ కథ అందరికీ తెలిసిన రూపంలో మరీ ప్రాచీనమేమీ కాదు. క్లేర్ జిల్లాకి చెందిన మీహాల్ కిమీన్ అనే కవి 1750 ప్రాంతంలో ఐరిష్‌లో రాసిన దీర్ఘ గేయం దీనికి ఆధారం. 1859లో ఒస్సియానిక్ సొసైటీ దాన్ని అచ్చువేసింది. 1889లో డబ్ల్యూ. బి. యేట్స్ అదే కథ మీద ఇంగ్లీషులో కావ్యం రాశాడు. దాంతో పేరు ఐర్లాండు దాటి బయటికి వచ్చింది. అంతకంటే చాలా పాత, ఐర్లాండు ఉత్తర ప్రాంతమైన అల్‌స్టర్ కథల్లో ఇంకో నీవ్ ఉంది, ఆమె గురించి ఎవరూ పెద్దగా చెప్పుకోరు. కెల్ట్‌ఖర్ అనే వీరుడి కూతురు ఆమె. కొమ్ములాంటి చర్మం ఉండి ఏ ఆయుధం దిగని ఒక శత్రువుకి తండ్రి ఆమెనిచ్చి పెళ్ళి చేస్తాడు, వాడి చావు రహస్యం రాబట్టడానికి. ఎర్రగా కాల్చిన ఇనుప చువ్వలు అరికాళ్ళలోంచి దిగగొడితే తప్ప చావనని వాడు భార్యకి చెప్పుకుంటాడు, ఆమె తండ్రికి చెబుతుంది. పాపకి నిద్రపోయే ముందు చెప్పే కథ కాదనుకోండి.

ఇప్పుడు స్పెల్లింగు. ఐరిష్ లిపిలో పలకని అక్షరాలు గాలివాటుగా వచ్చి పడలేదు. ప్రతిదానికీ డ్యూటీ ఉంది. మొదటి అక్షరం న్. దాని పక్కన ఐ ఉంది గనక ఆ న్ ని నాలుక మధ్యభాగం అంగిలికి ఆనించి కొంచెం 'న్య్' లాగా పలకాలి. ఐ, ఏ కలిస్తే 'ఈఅ' అనే జంట స్వరం. చివరి ఎమ్, హెచ్ కలిస్తే వ్. మొత్తం కలిపి ఐరిష్ మాట్లాడేవాళ్ళ నోట 'నీఅవ్' అని వస్తుంది. ఐర్లాండులో ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు ఆ 'అ' దాదాపు మాయమై 'నీవ్' మిగులుతుంది. మీరు డబ్లిన్‌లో రోజూ వినేది ఇదే. చివరి శబ్దం ఇంగ్లీషు వీనా, డబ్ల్యూనా అని తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. కొన్ని ప్రాంతాల్లో అలా, కొన్నిచోట్ల ఇలా ఉంటుంది. మన 'వ' ఆ రెంటికీ మధ్యలోది కాబట్టి ఎక్కడైనా చెల్లుతుంది.

మకారం వకారం ఎలా అవుతుందని మీ ప్రశ్న. మామిడిపండుని మావిడిపండు అంటాం కదా, అలాగే. అక్కడా ఇక్కడా జరిగింది ఒకటే, రెండు పెదవులూ పూర్తిగా మూసుకోకుండా వదిలేయడం. పాత ఐరిష్‌లో ఆ వ్ కాస్త ముక్కుతో పలికేది. తర్వాత ఆ ముక్కు ధ్వని పోయింది, రాతలో ఎమ్ మాత్రం ఉండిపోయింది. మన పాత పుస్తకాల్లో అరసున్న ఉంటుంది చూడండి, ఒకప్పుడు అక్కడ పలికిన ముక్కు ధ్వనికి గుర్తుగా. ఈ ఎమ్ కూడా అలాంటిదే.

హెచ్ సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇది తెలిస్తే ఒక్క ఈ పేరే కాదు, మీ పాప తరగతిలో సగం పేర్లు చదివేయొచ్చు. ఐరిష్‌లో హల్లు పక్కన వచ్చే హెచ్ దానంతటది ఒక శబ్దం కాదు, ముందున్న హల్లు మెత్తబడింది అని చెప్పే గుర్తు. పాత గేలిక్ లిపిలో హల్లు నెత్తిన ఒక చుక్క పెట్టేవారు. 20వ శతాబ్దంలో మామూలు రోమన్ అచ్చులోకి మారినప్పుడు ఆ చుక్క బదులు హెచ్ రాయడం స్థిరపడింది. చుక్క ఉన్నన్నాళ్ళూ నాలుగక్షరాల పేరు, హెచ్ వచ్చాక అయిదక్షరాలైంది. ఈ మెత్తబడడాన్ని వాళ్ళు షేవూ అంటారు. బళ్ళో వ్యాకరణం చదివినవాళ్ళకి ఇది ఎక్కడో విన్నట్టే ఉంటుంది: గసడదవాదేశం. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు అవుతారు, అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు అవుతారు. మాట ముందర ఏముందన్నదాన్ని బట్టి త ద అయింది. ఐరిష్‌లోనూ అంతే. 'కిన్ ఓర్' అంటే బంగారు తల కలిగిన అని. స్త్రీ పేరు తర్వాత వచ్చేసరికి ఆ క మెత్తబడి ఖ, హ ల మధ్య శబ్దం అయిపోతుంది. అందుకే కథలోని అమ్మాయి పూర్తి పేరు రాసేటప్పుడు సీ పక్కన ఒక హెచ్ వచ్చి చేరుతుంది.

వాళ్ళకి సంబోధనా విభక్తి కూడా ఉంది. పిలిచేటప్పుడు ముందు 'అ' చేర్చి మొదటి హల్లుని మెత్తబరుస్తారు. షాన్‌ని పిలిస్తే 'అ హ్యాన్' అవుతుంది. స్కాట్లండులో షేమస్‌ని పిలిచే రూపం విని విని అదే పేరనుకున్నారు, 'హేమిష్' అనే పేరు అలా పుట్టింది. మనం 'రాముడు' మానేసి 'రామా'నే అసలు పేరు అనుకున్నట్టు. నీవ్‌కి ఈ బెడద లేదు, న్ మీద హెచ్ రాయరు. పిలిస్తే 'అ నీవ్', అంతే.

ఒక జాగ్రత్త. కొన్ని పాత పుస్తకాల్లో ఐ మీద ఏటవాలు గీత, వాళ్ళు ఫాడా అంటారు, కనిపిస్తుంది. పాత ఐరిష్ రాత అది. ఇప్పటి రాతలో ఆ గీత ఉండదు. ఐ, ఏ పక్కపక్కన ఉంటేనే దీర్ఘం అని అర్థం. ఫారంలో గీత పెట్టకండి. ఇది మీకు లాభం కూడా: రోషీన్, ఏవా లాంటి పేర్లలో ఫాడా తప్పనిసరి. అది జనన ధ్రువపత్రంలో ఉంటుంది, పాస్‌పోర్టు అడుగున యంత్రం చదివే రెండు వరసల్లో ఉండదు, అక్కడ గీతల్లేని ఇరవయ్యారు అక్షరాలే పడతాయి. టికెట్టు బుక్ చేసేటప్పుడు కొన్ని వెబ్‌సైట్లు ఫాడాని తీసుకోవు, కొన్ని దాన్ని పిచ్చి గుర్తుగా మార్చేస్తాయి. నీవ్ ఆ గొడవల్లో లేదు.

పాతబడిందా అంటే, పాతది కాదు, అలాగని నిన్నటిదీ కాదు. ఇది కథల్లో పాతది గానీ మనుషులకి పెట్టుకోవడం 20వ శతాబ్దపు సంగతి. అంతకు ముందు ఐరిష్ పల్లెల్లో ఆడపిల్లలంటే మేరీలూ బ్రిజిట్‌లే. చర్చి రిజిస్టర్లలో, సర్కారు కాగితాల్లో గేలిక్ పేర్లని ఇంగ్లీషు పేర్లతో మార్చి రాసేవారు, గ్రోన్యని గ్రేస్ అని, సైవ్‌ని సబీనా అని. పైగా నీవ్ పేరుతో ప్రసిద్ధ సాధ్వి ఎవరూ లేరు, సాధువుల పేర్లే పెట్టే రోజుల్లో అది పెద్ద లోటు. 1893లో కాన్రా నా గేల్గె అనే భాషా సంఘం పుట్టింది, 1922లో సొంత రాజ్యం వచ్చింది, బళ్ళలో ఐరిష్ తప్పనిసరి అయింది. టీర్ నా నోగ్ కథ చిన్న తరగతుల పిల్లలందరికీ చేరింది. ఆ పిల్లలు పెద్దయి తమ పిల్లలకి ఆ పేర్లు పెట్టడం మొదలుపెట్టారు.

నీవ్ పతాక స్థాయి 1990ల చివర, 2000ల మొదట్లో. ఐర్లాండు గణాంక కార్యాలయం లెక్కల్లో అప్పుడు ఆడపిల్లల మొదటి పది పేర్లలో ఉండేది. ఇంగ్లాండు, వేల్స్ జాబితాలో కూడా మొదటి వందలోకి వచ్చింది, అక్షరాలు చూస్తే పలకలేని పేరుకి అది చిన్న విషయం కాదు. 1993లో కార్క్ జిల్లా మిల్‌స్ట్రీట్‌లో జరిగిన యూరోవిజన్ పాటల పోటీ గెలిచింది నీవ్ కవనా. అప్పటికే ఆ పేరు ఊపులో ఉంది. తర్వాత మెల్లగా కిందికి జారింది. ఇప్పుడు ఆ చోటులో కొత్త పేర్లున్నాయి. 2021లో ఆడపిల్లల పేర్లలో మొదటి స్థానం 'ఫీయ'ది, అడవి జింక, అడవితనం అని అర్థం వచ్చే మాట. 1990ల్లో దాన్ని పేరుగా పెట్టినవాళ్ళు వెతికితే గానీ దొరకరు.

దీన్నిబట్టి మీకు తేలేది ఏమిటంటే, ఇవాళ్టి నీవ్‌లలో ఎక్కువమంది ఇరవైల్లో, ముప్ఫైల్లో ఉన్నారు. నర్సులు, టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు. మీ పాప తరగతిలో మాత్రం బహుశా ఆ పేరు తనొక్కతిదే అవుతుంది, అయినా ప్రతి టీచరుకీ స్పెల్లింగు నోటికొచ్చి ఉంటుంది. పిల్లకి పేరు ఎంచడానికి ఇంతకంటే మంచి దశ ఉండదని నా అభిప్రాయం. జాబితాలో శిఖరం మీదున్నప్పుడు పెట్టిన పేరు పదేళ్ళకి హాజరుపట్టీలో ముగ్గురికి ఉంటుంది. మీకు ఏడాదివారీ వివరం కావాలంటే గణాంక కార్యాలయం వెబ్‌సైటులో 1964 నుంచి పేరు కొట్టి చూసుకునే వీలుంది. ఒక ఏడాదిలో ముగ్గురి కంటే తక్కువమందికి పెట్టిన పేర్లు అందులో కనిపించవు, అది గోప్యత కోసం. కనిపించలేదంటే ఎవరూ పెట్టలేదని కాదు.

ఇక అమ్మమ్మ.

తెలుగు అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగిసే భాష. హల్లుతో ఆగే పరభాషా పదం మన నోట్లో పడితే చివర ఉకారం చేరుతుంది. ముందున్న అచ్చు పొట్టిదైతే హల్లు రెట్టిస్తుంది: బస్సు, స్టవ్వు. పొడుగుదైతే రెట్టించదు: కారు, లేటు. నీవ్‌లో ఈకారం దీర్ఘం. కాబట్టి అమ్మమ్మ నోట ఖాయంగా అయ్యేది 'నీవు'. సర్వనామం! 'నీవు పాలు తాగిందా?' 'నీవు నిద్రపోతోంది, గట్టిగా మాట్లాడకండి.' దూరం నుంచి పిలిస్తే 'నీవూ' అవుతుంది, 'నువ్వు కూడా' అన్నట్టు. 'ఏ' చేర్చి నొక్కి చెబితే 'నీవే'.

ఇది అడ్డా, అందమా అన్నది మీరే తేల్చుకోవాలి. నా లెక్కలో అడ్డు కాదు. రోజువారీ మాటల్లో మనం వాడేది 'నువ్వు'. 'నీవు' పద్యాల్లో, కీర్తనల్లో, పాఠ్యపుస్తకాల్లో వినిపించే మాట. వాక్యంలో క్రియ చూస్తే అర్థమైపోతుంది కూడా, 'నీవు వచ్చింది' అంటే మనిషి పేరే, సర్వనామమైతే 'వచ్చావు' అని ఉంటుంది. ఇంటికి వచ్చిన చుట్టాలు మొదటి రెండు రోజులు నవ్వుతారు. మీ పేరేమిటమ్మా అంటే 'నీవు' అని చెప్పే పిల్లని చూసి ఏ వేదాంతం తెలిసిన తాతగారైనా మురిసిపోతారు.

కానీ ఈ ఇబ్బంది తప్పించుకుందామని పేరు చివర మార్చకండి. అక్కడే ఎక్కువమంది పప్పులో కాలేస్తారు. 'నీవి' అన్నారనుకోండి, అది 'ఇవి నీవి' అనే నీవి అవుతుంది. పాత కావ్యాల్లోనైతే నీవి అంటే చీర పోకముడి, శృంగార సందర్భాల్లో వచ్చే మాట. 'నీవా' అంటే అడిగినట్టుంటుంది, పైగా చిత్తూరు జిల్లా ఏరు పేరు, హంద్రీ-నీవా కాలవలో ఉన్న నీవా. నది పేరు పిల్లకి పెట్టడంలో తప్పు లేదు, గోదావరి, కృష్ణవేణి లేరా. కాకపోతే అది ఐరిష్ పేరు కాదు, వేరే పేరు.

అచ్చుతో ముగిసేది కావాలంటే 'నియా' ఉంది. ఇదే నీవ్‌కి వేల్స్‌లో స్థిరపడిన రూపం. తెలుగు నోటికి హాయిగా ఉంటుంది. దీనికీ ఒక చిక్కుంది: ఐరిష్ భాషలో ఆ మూడక్షరాల మాటకి అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ కొడుకు అని అర్థం. పేరుగా విన్నప్పుడు ఎవరికీ అది తట్టదు, కానీ 'ఐరిష్ పేరు పెట్టాం' అని చెప్పుకుంటే మాత్రం 'అది వెల్ష్ కదా' అంటారు.

ఐరిష్‌దే కావాలి, అచ్చుతో ముగియాలి అంటే ఇంకొన్ని చూడండి. ఓర్లా, బంగారు రాకుమారి అని అర్థం, తెలుగులో ఎలా రాస్తే అలాగే పలుకుతుంది, నా దృష్టిలో మనవాళ్ళకి అన్నిటికంటే అనువైనది. ఈఫా, కథల్లో యోధురాలు, రాసేటప్పుడు ఏ, ఓ, ఐ, ఎఫ్, ఈ. కీరా కూడా వినడానికి బావుంటుంది, నలుపు అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. మన కూరగాయల బండి దగ్గర మాత్రం అది దోసకాయ. సీర్షా అంటే స్వేచ్ఛ, దాన్ని కొందరు సర్షా అని, కొందరు సీర్షా అని పలుకుతారు, జీవితాంతం దిద్దుకుంటూ ఉండాల్సి వస్తుంది. కీవా ఉత్తరాన క్వీవా అవుతుంది.

జన్మనక్షత్రం అక్షరం చూసుకునే ఇల్లైతే ఒక మాట. అనూరాధ నాలుగు పాదాలకి న, ని, ను, నె. కాబట్టి నీవ్, నియా అనూరాధ రెండో పాదానికి సరిపోతాయి. ఈఫా కృత్తిక రెండో పాదం, ఓర్లా రోహిణి మొదటి పాదం, కీరా మృగశిర నాలుగో పాదం. పాప పుట్టే దాకా ఆగితే గానీ తేలదు కాబట్టి రెండు మూడు పేర్లు సిద్ధంగా ఉంచుకోండి. లేదా అక్షరం నియమం తెలుగు పేరుకి వదిలేసి ఐరిష్ పేరుని స్వేచ్ఛగా ఎంచుకోండి. నేనైతే రెండోదే సులువంటాను.

కాగితాల దగ్గరికొస్తే, ఐర్లాండులో పుట్టిన మూడు నెలల్లోపు జననం నమోదు చేయించాలి. నమోదుకి రుసుము లేదు, ధ్రువపత్రం కాపీకి డబ్బు కట్టాలి. ఆ రోజు ఇచ్చిన స్పెల్లింగే తర్వాత అన్నిటికీ మూలం కనుక తీరిగ్గా చూసి సంతకం పెట్టండి. ఎక్కువగా జరిగే పొరపాట్లు రెండు. ఒకటి, చివరి ఎమ్, హెచ్‌లు తారుమారు కావడం. రెండు, మన ఇంటిపేరు ముందు, పేరు వెనక అనే అలవాటు కొద్దీ ఇంటిపేరు గడిలో పిల్ల పేరు రాసేయడం. తెలుగు పేరు కూడా పెడుతుంటే రెండింటినీ పేరు గడిలోనే, మధ్యలో ఖాళీ వదిలి రాయండి, గీత పెట్టి కలపకండి. కలిపితే ఒకే పేరవుతుంది, ప్రతి ఫారంలోనూ మొత్తం రాయాల్సి వస్తుంది.

తల్లిదండ్రులిద్దరూ భారత పౌరులై, పాపకి భారత పాస్‌పోర్టే తీసుకోబోతుంటే ఏడాదిలోపు అక్కడి భారత దౌత్య కార్యాలయంలో జననం నమోదు చేయించాలి. 2005 జనవరి 1 తర్వాత ఐర్లాండులో పుట్టినంత మాత్రాన ఐరిష్ పౌరసత్వం రాదు, తల్లిదండ్రుల్లో ఒకరు అంతకు ముందు నాలుగేళ్ళలో మూడేళ్ళు లెక్కకొచ్చే నివాసం ఉండాలి, చదువుకోసం ఉన్న కాలం అందులోకి రాదు. ఏ దారైనా జనన ధ్రువపత్రంలో ఉన్న స్పెల్లింగు అక్షరం మారకుండా దరఖాస్తులో ఉండాలి. ఇంట్లో వాళ్ళకి అర్థం కావడం కోసం ఒక కాగితంలో ఎన్, ఈ, ఈ, వీ అని రాస్తే రెండు వేర్వేరు పేర్ల కింద లెక్క.

స్పెల్లింగు సులువు చేద్దామా అని కూడా అడిగారు. వద్దు. డబ్లిన్‌లో అసలు స్పెల్లింగు రాస్తే ఎవరూ రెండోసారి అడగరు. మార్చి రాస్తేనే 'ఇదేమిటి, ఎలా పలకాలి' అని అడుగుతారు. హైదరాబాదులోనో విజయవాడలోనో అసలు స్పెల్లింగు చూసినవాళ్ళు 'నియామ్' అనో 'నియమ్' అనో చదువుతారు, అది నిజమే. పిల్ల పెరిగేది ఎక్కడ, ఎక్కువ ఫారాలు నింపేది ఎక్కడ అని చూసుకుంటే జవాబు దొరుకుతుంది. రెండు మూడేళ్ళలో మకాం ఇండియాకి మార్చే ఆలోచన ఉంటే మాత్రం తెలుగు పేరు ముందు, నీవ్ తర్వాత పెట్టండి. బళ్ళో హాజరు పిలిచేది మొదటి పేరే.

ఎప్పుడైనా ఇండియాలో ఆధార్ చేయించాల్సి వస్తే అక్కడ ఇంకో చిన్న గండం. ఇంగ్లీషులో పేరు కొట్టగానే తెరమీద తెలుగు గడి దానంతటదే నిండుతుంది. యంత్రానికి షేవూ తెలీదు, 'నియామ్హ్' లాంటిదేదో వస్తుంది. ఆపరేటరు పక్కన కూర్చుని, ముగించే ముందు తెలుగు గడిలో 'నీవ్' అని చేత్తో దిద్దించండి, వ కింద పొల్లుతో సహా. పొల్లు లేకపోతే 'నీవ' అవుతుంది. దిద్దబోయి ఉకారం కొట్టారంటే 'నీవు' అని అచ్చవుతుంది.